కార్డు మీద ఒక పేరు, పెట్టెలో ఇంకో బల్లి: కొనేముందు జాతిని గుర్తుపట్టడం ఎలా?

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు. పెంపుడు జంతువుల షాపులో అంతకాలం ఆగక్కర్లేదు, గాజు పెట్టె మీద కార్డు మారిస్తే చాలు. అమ్మేవాళ్లంతా మోసగాళ్లని కాదు. పిల్లలు హోల్‌సేల్‌లో వస్తాయి, బిల్లు మీదున్న పేరే కార్డు మీదికి ఎక్కుతుంది, ఆ బిల్లు రాసినవాడికి పేరు ఇంకెవరో చెప్పి ఉంటారు. కొందరు మాత్రం తెలిసే చేస్తారు. అడవిలో పట్టిన దేశీ జంతువుకు విదేశీ పేరు తగిలిస్తే ధర పెరుగుతుంది, ప్రశ్నలు తగ్గుతాయి.

పేరు తప్పయితే దెబ్బ మూడు వైపుల నుంచి తగులుతుంది. ఆకులు తినాల్సిన జంతువుకు పురుగులు పెడతారు. తేమ కావాల్సినదాన్ని ఎడారిలా ఎండబెడతారు. ఇక అది చట్టం రక్షించే జాతి అయితే, కేసు పడేది షాపువాడి ఒక్కడి మీదే కాదు, ఇంట్లో ఉంచుకున్న మీ మీద కూడా.

షాపుకు వెళ్లేముందు

జేబులో నాలుగు వస్తువులు పెట్టుకోండి: దగ్గరి ఫోటో స్పష్టంగా తీసే ఫోన్, 10 రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం, 30 సెంటీమీటర్ల పారదర్శక స్కేలు, చిన్న టార్చి. గ్రాముల్లో తూచే వంటింటి కాటా షాపులో ఉంటుందేమో ఫోన్ చేసి కనుక్కోండి. ఆ ఫోన్‌లోనే ఇంకో ప్రశ్న వేయండి: "దీని శాస్త్రీయ నామం ఏమిటి? ఎవరి దగ్గర పుట్టింది?" రెండు ప్రశ్నలకూ "ఇంపోర్టెడ్ సార్" అనే జవాబు వస్తే, అవతలివాళ్లకు తెలియదని అర్థం.

శాస్త్రీయ నామం చెబితే రాసుకుని, 'రెప్టైల్ డేటాబేస్' అనే ఉచిత సైట్‌లో వెతకండి. పేరు పాతదైనంత మాత్రాన మోసం అనుకోకండి. పాత పుస్తకాల్లో టుపినాంబిస్ మెరియానే అని ఉన్న టెగూ (దక్షిణ అమెరికా పెద్ద బల్లి) 2012 నుంచి సాల్వేటర్ మెరియానే. రాకోడాక్టిలస్ సిలియాటస్ అనే క్రెస్టెడ్ గెకో అదే ఏడాది కొరెలోఫస్ సిలియాటస్ అయింది. పాత పేరు చెప్పే వ్యాపారి చాలాసార్లు విషయం తెలిసినవాడే. అసలు పేరే చెప్పలేనివాడి దగ్గర జాగ్రత్త.

పెట్టె ముందు నిలబడి ఏ వరసలో చూడాలి

రంగు చివర చూడాలి. అందరూ మొదట చూసేది రంగే, అందరూ పొరబడేది కూడా అక్కడే. భయపడితే, చలి వేస్తే, కుబుసం విడిచే ముందు, నిద్రలో, గుడ్లతో ఉన్నప్పుడు బల్లుల రంగు మారుతుంది. పైగా గాజు పెట్టెలో నీలం, ఎరుపు బల్బులు పెడతారు. వాటి కింద ఏ జంతువైనా ఖరీదైనదిగానే కనిపిస్తుంది. తెల్ల లైటు వేయమనండి, పది నిమిషాలు ఆగండి.

జంతువును చేత్తో పట్టుకోనక్కర్లేదు, పట్టుకోవద్దు కూడా. తోక పట్టుకుంటే చాలా జాతులు తోక వదిలేస్తాయి, అప్పుడు గొడవ మీ మెడకు చుట్టుకుంటుంది. మూతకు గాలి రంధ్రాలున్న పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇవ్వమని అడగండి. డబ్బాను పైకెత్తితే పొట్ట, తొడల లోపలి వైపు, వేళ్ల అడుగుభాగం అన్నీ కనిపిస్తాయి. ఆరు ఫోటోలు తీయండి: తల పక్క నుంచి, తల పై నుంచి, ఒళ్లంతా పై నుంచి (పక్కన స్కేలు పెట్టి), పొట్ట, ముందు పాదం, తోక. ఫ్లాష్ వద్దు. పొలుసుల మీద మెరుపు పడితే గీతలు కనిపించవు. టార్చిని పక్క నుంచి ఏటవాలుగా వేస్తే ప్రతి పొలుసు అంచూ తేలుతుంది.

ఇప్పుడు చూసే వరస. మొదట కనురెప్పలు: కదిలే రెప్పలున్నాయా, లేక మన ఇంటి గోడ మీది బల్లిలా రెప్పలు లేకుండా కన్ను నాలుకతో తుడుచుకుంటుందా? తర్వాత వేళ్లు: అడుగున అంటుకునే మెత్తలున్నాయా, ఉత్త గోళ్లేనా, వేళ్లు గుత్తులుగా కలిసిపోయి ఉన్నాయా? ఆ తర్వాత తోక: ఒంటితో పోలిస్తే ఎంత పొడవు, దాని మీద ముళ్లు వలయాలుగా ఉన్నాయా? తర్వాత చెవి చుట్టూ, దవడ కింద పొలుసులు. ముక్కు రంధ్రం మూతి చివరకు దగ్గరా, కంటికి దగ్గరా? చివరకు తొడల లోపలి వైపు చిన్న రంధ్రాల వరస. ఈ ఆరూ అయ్యాకే రంగు. పంచాంగంలో బల్లి ఎక్కడ పడితే ఏ ఫలమో రాసి ఉంటుంది గానీ ఏ బల్లో రాసి ఉండదు. ఆ పని ఈ ఆరు గుర్తులదే.

'లెపర్డ్ గెకో' అని రాసి ఉంటే

తెలుగు రాష్ట్రాల్లో కొనేవాళ్లు ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. పెంపుడు లెపర్డ్ గెకో యూబ్లెఫారిస్ మాక్యులేరియస్. దాని సొంత ప్రాంతం పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ వైపు. దాని దగ్గరి చుట్టాలు మన దగ్గరే ఉన్నాయి. తూర్పు భారతంలో యూబ్లెఫారిస్ హార్డ్‌విక్కీ తిరుగుతుంది. 2022లో శాస్త్రవేత్తలు ఆంధ్రప్రదేశ్, ఒడిశాల నుంచి యూబ్లెఫారిస్ పిక్టస్ అనే కొత్త జాతిని వర్ణించారు. అన్నిటికీ కదిలే రెప్పలుంటాయి, ఏ ఒక్కదానికీ వేళ్ల కింద మెత్తలుండవు, అన్నిటికీ లావు తోకే. అందుకే కొండల్లో పట్టుకొచ్చినదాన్ని లెపర్డ్ గెకో అని అమ్మడం తేలిక.

పెద్దదైన మాక్యులేరియస్ 20–25 సెంటీమీటర్లు, 50–80 గ్రాములు ఉంటుంది. పసుపు ఒంటి మీద నల్ల చుక్కలు. పిల్లగా ఉన్నప్పుడు చుక్కలుండవు, నలుపు, పసుపు పట్టీలుంటాయి. మెడ వెనక లేత రంగు వలయానికీ తోక మొదలుకూ మధ్య సాధారణంగా రెండు లేత పట్టీలు కనిపిస్తాయి. హార్డ్‌విక్కీ, పిక్టస్ పద్ధతి వేరు. పెద్దయ్యాక కూడా ముదురు చాక్లెట్ రంగు మీద వెడల్పైన పట్టీలు నిలిచిపోతాయి, ఆ మధ్యలో లేత పట్టీ సాధారణంగా ఒక్కటే. కాబట్టి 20 సెంటీమీటర్లున్న జంతువుకు చుక్కలు లేక పెద్ద పెద్ద పట్టీలే ఉంటే అక్కడ ఆగండి. "ఇదో స్పెషల్ మార్ఫ్ సార్" అన్నా ఆగండి.

మార్ఫ్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఆల్బినో, బ్లిజార్డ్, టాంజరీన్ లాంటి రంగులు పెంపకందారులు తరాల తరబడి ఎంచి తీసినవి. అలాంటి రంగున్నది దాదాపుగా ఫారంలో పుట్టినదే. 'నార్మల్' అని చౌకగా ఇచ్చే మామూలు రంగుదాన్నే ఎక్కువ అనుమానంతో చూడాలి.

ఇంకో గందరగోళం ఆఫ్రికా నుంచి. ఫ్యాట్‌టెయిల్డ్ గెకో, అంటే హెమిథెకోనిక్స్ కాడిసింక్టస్, కూడా ఇదే డబ్బాల్లో వస్తుంది. దానికీ రెప్పలుంటాయి, మెత్తలుండవు. తేడా కళ్లలో తెలుస్తుంది: లెపర్డ్ గెకో కన్ను సాధారణంగా బూడిద లేదా పసుపు రంగులో ఉండి నిలువు గీతలాంటి పాప స్పష్టంగా కనిపిస్తుంది. ఫ్యాట్‌టెయిల్డ్ కన్ను పెద్దగా, దాదాపు నల్లగా, లేడి కన్నులా ఉంటుంది. ఒంటి మీద చుక్కలుండవు, ముదురు గోధుమ, లేత గోధుమ పట్టీలే ఉంటాయి. కొన్నిటికి వెన్ను మీద తెల్లటి గీత తల నుంచి తోక దాకా సాగుతుంది. ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందంటే, లెపర్డ్ గెకోకు 30–40 శాతం తేమ, ఒక మూల తడి గుహ చాలు. ఫ్యాట్‌టెయిల్డ్‌కు 60–70 శాతం కావాలి. పొడి పెట్టెలో పెడితే కుబుసం వేళ్ల చివర్లో ఉంగరంలా బిగుసుకుని, రక్తం అందక ఒక్కో వేలూ ఊడిపోతుంది.

వేళ్ల కింద మెత్తలుండి, రెప్పలు లేకుండా ఉంటే అది అసలు ఈ గుంపే కాదు. నీలి బూడిద ఒంటి మీద నారింజ చుక్కలు, 25–35 సెంటీమీటర్ల పొడవు ఉంటే టోకే గెకో. ఈశాన్య భారతంలో దాన్ని మందు పేరుతో విపరీతంగా వేటాడారు. ఆ మందు మహిమ ఉత్త పుకారు. జంతువు 2019 నుంచి సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. కరిస్తే ఉడుంపట్టే.

ఆడ, మగ అని కార్డు మీద రాసినదాన్ని కూడా పెద్దగా నమ్మకండి. పెద్ద మగదానికి తొడల మధ్య 'వి' ఆకారంలో మైనం నిండిన రంధ్రాల వరస, మలద్వారం వెనక రెండు ఉబ్బులు ఉంటాయి. మూడు, నాలుగు గ్రాముల పిల్లలో ఇవి తేలవు. గుడ్లు పొదిగిన ఉష్ణోగ్రత చెప్పగలిగిన పెంపకందారు మాటకు మాత్రం విలువ ఉంది. ఈ జాతిలో లింగాన్ని నిర్ణయించేది ఆ వేడే. సుమారు 26 డిగ్రీల దగ్గర ఎక్కువగా ఆడవి, 32 దగ్గర ఎక్కువగా మగవి పుడతాయి.

'ఇగువానా' అని రాసి ఉంటే

పచ్చటి పిల్ల, పొడవాటి చారల తోక, వీపు మీద చిన్న ముళ్లు. ఇంతవరకు చూస్తే గ్రీన్ ఇగువానా, చైనీస్ వాటర్ డ్రాగన్ కవల పిల్లల్లా ఉంటాయి. చూడాల్సింది దవడ వెనక. ఇగువానాకు చెవి పొర కింద, దవడ మూల దగ్గర ఒకే ఒక్క పెద్ద గుండ్రటి పొలుసు, బిళ్ల అంటించినట్టు ఉంటుంది. పిల్లలో కూడా ఉంటుంది, చిన్నది, అయినా భూతద్దంలో తప్పకుండా దొరుకుతుంది. వాటర్ డ్రాగన్‌కు ఆ బిళ్ల ఉండదు. రెండో గుర్తు గొంతు కింద: ఇగువానాకు ఆవు గంగడోలులా చర్మం వేలాడుతుంది, దాని ముందు అంచున రంపపు పళ్లు. వాటర్ డ్రాగన్ గొంతు నున్నగా ఉంటుంది. దాని పిల్లలకు ఒంటి పక్కల ఏటవాలుగా లేత చారలుంటాయి.

ఈ తేడాకు ఇంత పట్టు ఎందుకంటే, ఇగువానా పూర్తి శాకాహారి. మునగాకు, మందార ఆకులు, పూలు, గుమ్మడి, బీన్స్ దాని భోజనం. పాలకూర రోజూ పెట్టకూడదు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. వాటర్ డ్రాగన్ ప్రధానంగా కీచురాళ్లు, బొద్దింకలు తింటుంది. వాటర్ డ్రాగన్ అనుకుని ఇగువానాకు ఏళ్ల తరబడి పురుగులు పెడితే యూరిక్ యాసిడ్ పేరుకుని మూత్రపిండాలు పాడవుతాయి. తిరగేసి చేస్తే వాటర్ డ్రాగన్ ఆకుల గిన్నె ముందు ఆకలితో చిక్కిపోతుంది. "పురుగు వేసి చూడండి, తింటే వాటర్ డ్రాగన్" అని షాపులో పరీక్ష చెబుతారు. అది పరీక్షే కాదు, ఇగువానా పిల్ల కూడా పురుగు కనిపిస్తే మింగేస్తుంది. బిళ్ల చూడండి.

చోటు లెక్క కూడా మారుతుంది. వాటర్ డ్రాగన్ 60–90 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. ఇగువానా మీటరున్నర దాటగలదు, దానికి పెట్టె చాలదు, గది కావాలి.

'బ్లూ ఇగువానా' కార్డు చూస్తే నవ్వుకోవచ్చు. అసలు బ్లూ ఇగువానా, సైక్లూరా లెవిసి, ప్రపంచంలో గ్రాండ్ కేమన్ అనే ఒక్క దీవిలోనే సహజంగా ఉంటుంది, సైటీస్ మొదటి అనుబంధంలో ఉంది. మీ ముందున్నదానికి దవడ దగ్గర పెద్ద బిళ్ల ఉంటే అది నీలి ఛాయ ఉన్న మామూలు గ్రీన్ ఇగువానా. దానికి ఆ రేటు ఇవ్వొద్దు.

'కమీలియన్' అని రాసి ఉంటే

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు 'అమెరికన్ కమీలియన్' పేరుతో కనిపించేది గ్రీన్ అనోల్. పచ్చ నుంచి గోధుమకు రంగు మారుస్తుంది కాబట్టి ఆ పేరు. వేళ్ల అడుగున మెత్తలు, మగదానికి గులాబీ రంగు గొంతు విసనకర్ర, మొత్తం పొడవు 20 సెంటీమీటర్ల లోపు. ఊసరవెల్లికీ దానికీ చుట్టరికం దూరం.

నిజమైన ఊసరవెల్లిని పాదంతో గుర్తుపట్టాలి. ఐదు వేళ్లు రెండు గుత్తులుగా కలిసి పటకారులా ఉంటాయి. ముందు పాదంలో లోపలి గుత్తికి మూడు, బయటి గుత్తికి రెండు. వెనక పాదంలో దీనికి తిరగేసి. కళ్లు గోపురాల్లా పొడుచుకొచ్చి, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు తిరుగుతాయి. తోక చుట్ట చుట్టుకుంటుంది. ఈ మూడూ లేకుండా ఐదు వేళ్లు విడివిడిగా ఉండి, చెవి పొర పైన రెండు విడి ముళ్లు, మెడ మీద ముళ్ల వరస ఉంటే అది మన కంచె మీది తొండ, కెలోటిస్ వెర్సికలర్. జత కట్టే కాలంలో మగదాని తల ఎర్రబడితే దాన్ని ఊసరవెల్లి అనేవాళ్లు పల్లెల్లోనూ ఉన్నారు, షాపుల్లోనూ ఉన్నారు.

ఊసరవెల్లే అని తేలాక అసలు ప్రశ్న మొదలవుతుంది: యెమెన్ వైపు నుంచి వచ్చిన వెయిల్డ్ కమీలియనా, మన అడవుల్లోని కమీలియో జెలానికసా? పెద్ద వెయిల్డ్ నెత్తి మీద ఎత్తైన రెక్కలాంటి కిరీటం ఉంటుంది, గడ్డం కింద పొడవాటి మొనదేలిన పొలుసులు వేలాడతాయి. మగపిల్లకైతే పుట్టినప్పటి నుంచే వెనక మడమ మీద చిన్న పొడుపు ఉంటుంది. మన ఊసరవెల్లి కిరీటం పొట్టి. గడ్డం నుంచి పొట్ట మీదుగా తెల్లటి గీత సాగుతుంది. పిల్లల్లో కిరీటం ఎత్తు తేలదు, కాబట్టి గడ్డం కింద పొలుసులు చూడండి, అనుమానం తీరకపోతే వదిలేయండి. మన ఊసరవెల్లిని వన్యప్రాణి చట్టం రక్షిస్తుంది. పైగా అది గిన్నెలో నీళ్లు తాగదు, ఆకు మీది చినుకులే తాగుతుంది. షాపులో గిన్నె పెట్టి వదిలేస్తే ఒళ్లెండిపోయి కొన్ని వారాల్లో చస్తుంది.

పాంథర్ కమీలియన్ ఆడదాన్ని మాత్రం ఏ ఊరిదో చూపుతో చెప్పడం కుదరదు. మగవాటికి ప్రాంతాన్ని బట్టి రంగు మారుతుంది, ఆడవన్నీ ఇంచుమించు ఒకే లేత గులాబీ గోధుమ. 'అంబిలోబే (మడగాస్కర్‌లో ఒక ప్రాంతం) ఆడది' అని ఎక్కువ ధర చెబితే తల్లిదండ్రుల ఫోటోలు అడగండి.

మిగతావి, చకచకా

బియర్డెడ్ డ్రాగన్: మామూలుగా అమ్మేది పొగోనా విట్టిసెప్స్, 45–60 సెంటీమీటర్లు పెరుగుతుంది. రాంకిన్స్ డ్రాగన్ సుమారు 30 దగ్గరే ఆగుతుంది, మూతి మొండిగా, గడ్డం ముళ్లు తక్కువగా ఉంటాయి. 10 సెంటీమీటర్ల పిల్లల్లో ఈ తేడా కంటికి ఆనదు. 'పొట్టి జాతి' అని కార్డు మీద రాసి, జంతువు అరచేయంత ఉంటే అది ఇంకా పెరగని విట్టిసెప్స్ అనే లెక్కలోనే పెట్టె కొనండి. పొడవు 120 సెంటీమీటర్లకు తగ్గొద్దు.

బ్లూ టంగ్ స్కింక్: విదేశాల్లో ఎక్కువగా పేరు తారుమారయ్యే గుంపు ఇదే. ఆస్ట్రేలియా తన సరీసృపాలను వ్యాపారానికి ఎగుమతి చేయనివ్వదు. కాబట్టి 'అడవి నుంచి తెచ్చిన నార్తర్న్' (ఉత్తర ఆస్ట్రేలియా రకం) అన్న మాటే చెల్లదు. నార్తర్న్‌కు ముందుకాళ్లు లేత రంగు, తోక పొట్టి. ఇండొనేషియా వైపు జాతులకు ముందుకాళ్లు నలుపు, తోక పొడవు. స్కేలుతో మలద్వారం నుంచి తోక చివర వరకు కొలిచి, మూతి నుంచి మలద్వారం వరకున్న పొడవుతో పోల్చండి. నార్తర్న్‌లో తోక సుమారు సగం. ఇండొనేషియా వాటిలో మూడింట రెండు వంతుల దాకా, ఇంకా పైకి కూడా పోతుంది. తెగి మళ్లీ మొలిచిన తోక ఈ లెక్కను చెడగొడుతుంది. మొలిచిన భాగంలో పట్టీలు చెదిరిపోయి, పొలుసుల వరస మారిపోతుంది కాబట్టి ముందు అది చూసుకోండి. ఇండొనేషియా వాటికి తేమ ఎక్కువ కావాలి.

టెగూ: ముక్కు రంధ్రానికీ కంటికీ మధ్య పొలుసులు లెక్కపెట్టండి. రెండు పెద్ద పొలుసులుంటే అర్జెంటీనా నలుపు తెలుపు టెగూ. ఒక్కటే ఉంటే కొలంబియన్, దాన్ని మచ్చిక చేయడం కష్టం. ఫ్లోరిడాలో ఉన్నవాళ్లు ఈ లెక్క కూడా పెట్టక్కర్లేదు, 2021 నుంచి అక్కడ టెగూలు, గ్రీన్ ఇగువానాలు కొత్తగా పెంపకానికి కొనడం నిషేధం.

క్రెస్టెడ్ గెకో, గార్గాయిల్ గెకో: కంటి పైన వెంట్రుకల్లాంటి పొలుసులుంటే క్రెస్టెడ్. తల వెనక రెండు చిన్న బుడిపెలుంటే గార్గాయిల్. తోక లేని క్రెస్టెడ్‌ను "మళ్లీ వస్తుంది" అని అమ్మితే నమ్మొద్దు, దానికి రాదు. గార్గాయిల్‌కు వస్తుంది.

ఉడుము, సాండా: ఏ పేరు పెట్టినా వద్దు

'సవానా మానిటర్ పిల్ల' అని మన దగ్గర ఎవరైనా చూపిస్తే ముందు ముక్కు చూడండి. ఆఫ్రికా సవానా మానిటర్‌కు ముక్కు రంధ్రం ఏటవాలు గీతలా కంటికి బాగా దగ్గరగా ఉంటుంది, మెడ మీద పొలుసులు లావుగా ఎత్తుగా ఉంటాయి. మన మామూలు ఉడుముకూ రంధ్రం గీతలాగే ఉంటుంది కానీ మూతికీ కంటికీ ఇంచుమించు మధ్యలో. నీటి ఉడుముకు గుండ్రంగా, మూతి చివరకు దగ్గరగా ఉంటుంది. భారతదేశంలోని నాలుగు ఉడుము జాతులూ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు, 2022 సవరణ తర్వాత జరిమానా కనీసం 25,000 రూపాయలు. ఈ మోసానికి ఎండిన రూపం కూడా ఉంది. 'హత్తాజోడి' అనే వేరు పేరుతో పూజ సామాన్ల మధ్య అమ్మేది వేరు కాదు, మగ ఉడుము జననాంగం. దాని మీదా ఇదే కేసు.

'యూరోమాస్టిక్స్' పేరుతో రాజస్థాన్, కచ్ వైపు సాండా బల్లిని అమ్మడం ఇంకో దారి. తోక మీది ముళ్ల వలయాలు చూడండి. వలయానికీ వలయానికీ మధ్య చిన్న నున్నని పొలుసుల వరసలుండి, తొడ ముందువైపు నల్లటి మచ్చ ఉంటే అది సారా హార్డ్‌విక్కీ. విదేశీ యూరోమాస్టిక్స్‌లో వలయాల మధ్య ఆ అదనపు వరసలుండవు.

అడవిదా, పెంపకంలో పుట్టిందా

జాతి తేలినా ఈ ప్రశ్న మిగులుతుంది. చంకల్లో, చెవి రంధ్రాల దగ్గర, మలద్వారం చుట్టూ పిడుదులు. విరిగిన గోళ్లు, పాత మచ్చలు. గాజుకు రాసుకుని పుండైన మూతి. తుంటి ఎముకలు తేలిన ఒళ్లు. ఇవన్నీ పట్టుకొచ్చిన జంతువు లక్షణాలు. మూతి పుండు ఒక్కటే ఉంటే తీర్పు చెప్పొద్దు, వాటర్ డ్రాగన్‌కు ఫారంలో పుట్టినా అది మామూలే. ఒకే పెట్టెలో అన్ని సైజుల పెద్దవీ కలిసి ఉండి పిల్ల ఒక్కటీ లేకపోతే మాత్రం అనుమానం బలపడుతుంది. పెంపకందారు దగ్గర నుంచి సాధారణంగా ఒకే ఈడు పిల్లలు వస్తాయి.

కాగితాలు

భారతదేశంలో సైటీస్ అనుబంధాల్లోని జాతులు వన్యప్రాణి చట్టం నాలుగో షెడ్యూలులోకి వచ్చాయి, ఆ 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన నియమాల ప్రకారం, అలాంటి జంతువు చేతికి వచ్చిన 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయాలి. చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చచ్చిపోయినా అక్కడ తెలపాలి. గ్రీన్ ఇగువానా, వెయిల్డ్ కమీలియన్, టెగూ, యూరోమాస్టిక్స్ ఈ లెక్కలోకి వస్తాయి. చైనీస్ వాటర్ డ్రాగన్ కూడా 2023 నుంచి రెండో అనుబంధంలో ఉంది. అంటే పేరు తప్పు పడితే నమోదు కూడా తప్పు పడుతుంది. షాపువాడి నమోదు వివరాలు, బదిలీ కాగితం లేకుండా డబ్బు ఇవ్వకండి. బిల్లు మీద 'లిజర్డ్ 1' అని కాక శాస్త్రీయ నామం రాయించుకోండి. రాయడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.

ఇంటికి తెచ్చాక తప్పని తెలిస్తే

ముందు ఆ ఆరు ఫోటోలు, కొన్న ఊరు, తేదీ రాసి, ఫోటో చూసి జాతి పేరు చెప్పే 'ఐనాచురలిస్ట్' సైట్‌లో పెట్టండి. పెంపుడు జంతువని గుర్తు పెట్టడం మరవకండి, లేకపోతే అడవిలో కనిపించిందని లెక్కలోకి ఎక్కుతుంది. జవాబు వచ్చేలోపు పెట్టెలో రెండు వాతావరణాలు అమర్చండి: ఒక చివర వేడి, పొడి, రెండో చివర చల్లదనం, తడి నాచు నింపిన గుహ. తేమ మీటరు గోడ పైన కాకుండా జంతువు పడుకునే ఎత్తులో పెట్టండి, పైన పెడితే తేడా చూపిస్తుంది. తాగే నీళ్ల గిన్నెతో పాటు రోజుకు రెండుసార్లు ఆకుల మీద నీళ్లు చిలకరించండి. ఇంట్లో వేరే బల్లులుంటే కనీసం 60 రోజులు వేరే గదిలో, వేరే పాత్రలతో ఉంచండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, సాల్మొనెల్లా వాటి ఒంటి మీదే ఉండొచ్చు. ఐదేళ్ల లోపు పిల్లలను దగ్గరికి రానివ్వకపోవడం మంచిది.

దేశీ రక్షిత జాతి అని తేలితే షాపుకు తిరిగి ఇవ్వకండి, అది మళ్లీ అదే కార్డు కిందికి వెళుతుంది. ఊరి బయట పొదల్లో వదలడం ఇంకా తప్పు. అది ఏ అడవిదో మీకు తెలియదు, షాపు పెట్టెలో అంటుకున్న రోగాలు అక్కడి వాటికి పాకుతాయి. బిల్లు, ఫోటోలు తీసుకుని అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు వెళ్లి జంతువును అప్పగించి, అప్పగించినట్టు రసీదు రాయించుకోండి. విదేశీ జాతి అయితే బయట వదలడమనే మాటే లేదు. సరీసృపాలు తెలిసిన పశువైద్యుడి దగ్గర పేడ పరీక్ష చేయించి, అసలు పేరుకు తగ్గట్టు దీపం, తేమ, తిండి మార్చండి. తిండి ఒక్కసారిగా కాకుండా పది, పన్నెండు రోజుల్లో మెల్లగా మార్చాలి. ఆ రోజుల్లో రెండు రోజులకోసారి తూచి రాసుకోండి. బరువు పదో వంతు తగ్గితే ఆగకుండా మళ్లీ వైద్యుడికి చూపించండి.